పెన్న వెంట పిల్లలతో

గండికోటకు వచ్చేవాళ్లలో చాలామంది నేరుగా గండి అంచుకు పోయి, నాలుగు ఫొటోలు తీసుకుని, ఎండ ముదరకముందే వెనక్కి తిరుగుతారు. ఆ గోడలు ఎవరు కట్టారో, కింద కనిపించే ఏరు ఎక్కడ పుట్టిందో అడిగే తీరిక ఉండదు. పిల్లలైతే కారు దిగి, మళ్లీ కారెక్కుతారు. అంత దూరం వచ్చి ఇంత తక్కువ చూసి పోవడం చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. తెలుగునేల మీద పిల్లల్ని వెంటబెట్టుకుని నడవడానికి ఇంతకన్నా మంచి చోట్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆయాసపెట్టే ఎక్కుడు లేదు. అడవిలో దారి తప్పుతామన్న భయం లేదు. పది అడుగులకొకటి చూడదగ్గది కనబడుతూనే ఉంటుంది. కావలసిందల్లా ఒక పూట తీరిక, ఆ పూటను తెల్లవారుజామునే మొదలుపెట్టే ఓపిక.

గండికోట ఒక్కటే కాదు. వైఎస్ఆర్ కడప జిల్లాలో పెన్న సాగే దారంతా ఇలాంటి చోట్లే. పడమటన గండికోట, నడుమ పుష్పగిరి, తూర్పున సిద్ధవటం. మూడూ ఏటి ఒడ్డునే ఉన్నాయి. మూడింటికీ నడక వేరు, కథ వేరు. రెండు మూడు రోజుల సెలవు దొరికితే ఏటి వాలునే పోతూ మూడూ చూడొచ్చు. ఒక్క రోజే ఉంటే గండికోటలోనే ఉండిపోండి.

ముందు ఏటి సంగతి. పెన్న కర్ణాటకలో నందికొండల దగ్గర పుట్టి, అనంతపురం, కడప జిల్లాలు దాటి, నెల్లూరు జిల్లాలో బంగాళాఖాతంలో కలుస్తుంది. మొత్తం 597 కిలోమీటర్లు. పుట్టినచోటు నుంచి దాదాపు చివరిదాకా కరువు సీమల గుండానే దాని దారి. ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుక మేటలే కనబడతాయి. అలాంటి ఏరు ఎర్రమల కొండల్ని నిలువునా కోసి, దాదాపు మూడు వందల అడుగుల లోతు గండి చేసింది. ఇంత చిన్న ఏరు అంత పెద్ద కొండను ఎలా కోసిందని పిల్లలు అడక్క మానరు. కొండరాయి గట్టిదే కానీ, అందులో నిలువు పగుళ్లున్నాయి. వరద వచ్చినప్పుడు నీళ్లొక్కటే రావు, ఇసుకా గుండ్రాళ్లూ దొర్లించుకొస్తాయి. ఆ రాపిడి పగుళ్ల వెంట రాయిని అరగదీస్తుంది. అరిగి వదులైన బండ విరిగి కింద పడుతుంది. పడినదాన్ని తర్వాతి వరద పట్టుకుపోతుంది. లక్షల ఏళ్లు ఇదే పని. అంచున నిలబడి చూస్తే గోడల మీద ఆ నిలువు పగుళ్లు స్పష్టంగా కనిపిస్తాయి. చదరాలుగా చీలి, ఒకదానిపై ఒకటి పేర్చినట్టుండే ఎర్రబండలు ఆ పగుళ్ల వెంట విడివడ్డవే.

జమ్మలమడుగు నుంచి కోటకు పదిహేను కిలోమీటర్లు. చివర్లో రోడ్డు కొండ ఎక్కి తూర్పు వాకిలి ముందుకు చేరుస్తుంది. బండి బయటే ఆపి అక్కడినుంచే నడక మొదలుపెట్టండి. వాకిలి తలుపుల దగ్గర పిల్లల్ని కాసేపు నిలబెట్టాలి. ఎత్తైన కొయ్య తలుపులు, వాటికి ఇనుప రేకులు, రేకుల మీద మొనదేలిన ఇనుప ముళ్లు. ఏనుగులు నుదుటితో గుద్దకుండా ఆ ముళ్లు. లోపలికి పోయే దారి నేరుగా ఉండదు, గోడల మధ్య మలుపు తిరుగుతుంది. ఏనుగుకైనా గుర్రపు దండుకైనా పరుగెత్తి ఊపు అందుకునే చోటు దొరక్కూడదని అలా కట్టారు. మీరే శత్రువులైతే ఎక్కడినుంచి వస్తారని పిల్లల్ని అడిగి చూడండి. పడమటా ఉత్తరానా గండి, చుట్టూ గోడ, మిగిలింది ఈ ఒక్క మలుపు. కోట పెట్టే చోటు ఎలా ఎంచుకుంటారో వాళ్లంతట వాళ్లకే తెలిసిపోతుంది.

లోపల ఊరుంది. ఇళ్లూ, గొర్రెలూ, బడీ ఉన్న మామూలు ఊరు. కోటగోడల నడుమ మనుషులు ఇప్పటికీ కాపురముండటం గండికోటకున్న గొప్ప ప్రత్యేకతని నా అభిప్రాయం. ఊరివాళ్లతో మాట్లాడకుండా నేరుగా శిథిలాల్లోకి పోవద్దు. చెనిక్కాయలో, కాలమైతే సీతాఫలాలో అమ్ముతూ ఎవరో ఒక అవ్వ కూర్చుని ఉంటుంది. అలాంటి ఒక అవ్వను మావెంట వచ్చిన పిల్ల అడిగింది, ‘అవ్వా, ఈ ఏరు ఏడికి పోతాది?’ అని. ‘నెల్లూరి సముద్రానికి పోతాది నాయనా. అంచుకు మాత్రం పోవాకండి, గాలికి కాలు నిలవదు. నీల్లు తెచ్చుకున్నారా?’ అని అవ్వ ఎదురడిగింది. కోటలో నడవడానికి కావలసిన సలహా మొత్తం ఆ రెండు మాటల్లోనే ఉంది.

ఈ కోట కథ కైఫీయత్తుల్లో ఉంది. మెకంజీ దొర ఊరూరా రాయించిన ఆ స్థానిక చరిత్రల ప్రకారం కాకరాజు అనే సామంతుడు మొదట ఇక్కడ కోట కట్టాడు. అది 12వ శతాబ్దం మాటని చెప్పుకుంటారు. విజయనగరం కాలంలో పెమ్మసాని నాయకుల చేతికొచ్చాక ఇది పెద్ద కోటయింది. కృష్ణదేవరాయల పక్షాన 1520 నాటి రాయచూరు యుద్ధంలో పోరాడిన పెమ్మసాని రామలింగనాయుడు ఈ వంశంవాడే. 1565 తర్వాత విజయనగరం చితికిపోయినా గండికోట మరో ఎనభై ఏళ్లకు పైగా నిలబడింది. 1650లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా దాన్ని పట్టుకున్నాడు. పర్షియా నుంచి వచ్చి, వజ్రాల వ్యాపారంలో గడించి, గోల్కొండ సుల్తానుకు మంత్రీ సేనానీ అయిన మనిషి. తర్వాత మొగలుల కొలువుకు పోయి, అస్సాం దండయాత్ర ముగించుకుని వస్తూ 1663లో చనిపోయాడు.

పిల్లలకు మీర్ జుమ్లాను పరిచయం చేయాలంటే యుద్ధం కథ అక్కర్లేదు. ఫ్రెంచి నగల వర్తకుడు తావెర్నియే 1652లో ఇక్కడికొచ్చి చూసింది చెబితే చాలు. గుడారంలో మీర్ జుమ్లా చెప్పుల్లేకుండా కూర్చుని ఉన్నాడట. కాలివేళ్ల సందుల్లో కొన్ని ఉత్తరాలు, ఎడమచేతి వేళ్ల సందుల్లో కొన్ని. ఒకసారి కాలినుంచి, ఒకసారి చేతినుంచి ఒక్కోటి తీసి, ఇద్దరు రాయసగాళ్లకు జవాబులు చెప్పి రాయించాడట. ఈ ముక్క చెప్పినప్పుడు పిల్లలు అక్కడే కూర్చుని కాలివేళ్ల మధ్య ఆకులు పెట్టుకుని చూశారు. మీర్ జుమ్లాను వాళ్లిక మరచిపోరు. అదే తావెర్నియే కొండ మీది చిన్న మైదానం గురించీ రాశాడు. అక్కడ వరీ చిరుధాన్యాలూ పండుతున్నాయని, చిన్న చిన్న ఊటలు ఆ పైర్లను తడుపుతున్నాయని. ముట్టడి పడితే నెలల తరబడి లోపలే బతకగల కోటన్నమాట. తిండీ నీళ్లూ ఉన్న కోటను ఫిరంగులొక్కటే పడగొట్టలేవు.

ఆ తిండి దాచిన చోటే ధాన్యాగారం. జామా మసీదు పక్కనే ఉంటుంది. బయటినుంచి చూస్తే బోసి గోడ. లోపల కమానుల కప్పు కింద మండు వేసవిలోనూ చల్లగా ఉంటుంది. మధ్యలో నిలబడి ఒక్కసారి చప్పట్లు కొడితే శబ్దం పైకప్పు చుట్టి వస్తుంది. ఇక్కడ పిల్లలు ఎంతసేపుంటే అంతసేపు ఉండనివ్వండి, నీడ కూడా ఇదొక్కటే. మసీదు వాకిలిలోంచి చూస్తే జంట మీనార్లు, కట్టడం చుట్టూ వరస గదులు, పక్కనే మెట్లబావిలాంటి కోనేరు. దానికి కత్తుల కోనేరని పేరు. యుద్ధం తర్వాత కత్తులు కడిగితే నీళ్లు ఎర్రబడ్డాయని ఊళ్లో కథ చెబుతారు. ఎర్రరాతి నేల మీది నీళ్లు ఎర్రగానే ఉంటాయని పిల్లలకు చెప్పండి, కథ కూడా చెప్పండి. రెండూ వినాల్సినవే.

దారిలో పావురాల గోపురం, జైలు, నాలుగు వైపులా కమానులున్న చిన్న కట్టడం తగులుతాయి. వాటి దగ్గర ఎక్కువసేపు ఆగక్కర్లేదు. మాధవరాయస్వామి గుడి దగ్గర మాత్రం కూర్చోవాలి. విజయనగరం పోకడలో కట్టిన గోపురం దూరానికే కనిపిస్తుంది. లోపల పూజలు లేవు. మండపపు స్తంభాల మీద మాత్రం శిల్పులు ఒక్క పక్కా ఖాళీ వదల్లేదు. పిల్లల చేతికి ఒక కాగితం, పెన్సిలు ఇచ్చి ఒక్క స్తంభం ఎంచుకొమ్మనండి. నాలుగు ముఖాలూ చూసి, ఉన్న బొమ్మలన్నీ రాయమనండి. వాళ్ల ఎత్తులోనే ఎన్నో దొరుకుతాయి. మేం చూసిన స్తంభంలో ఒక మూల, పెద్దవాళ్ల మోకాలి ఎత్తున, చీలమండ వంచి నాట్యం చేస్తున్న అరచేయంత బొమ్మ ఉంది. వంచిన కాలి పిక్క మీద కండ ఉబ్బు కూడా చెక్కాడు శిల్పి. వంగి చూస్తే తప్ప కనబడదు.

గండి ఈ నడకకు ఆఖరు. రంగనాథస్వామి గుడి దాటాక బండలు మొదలవుతాయి, వాటి మీదుగా కొంత దూరం ఎక్కి దిగితే ఒక్కసారిగా నేల ఆగిపోతుంది. కింద నీళ్లు, ఎదురుగా అవతలి గోడ. అంచు పొడవునా ఎక్కడా కంచె లేదు. పదేళ్లలోపు పిల్లల చెయ్యి పట్టుకోవడం కాదు, పట్టుకునే ఉండాలి. వాన పడితే ఈ బండలు పాచి పట్టినట్టు జారతాయి, ఆ రోజు అంచుదాకా పోకండి. నీళ్లదాకా దిగే ఆలోచన పిల్లలతో వద్దే వద్దు. అంచుకు పదిహేను అడుగుల వెనకే బోర్లా పడుకుని చూసినా గండి అంతే అందంగా ఉంటుంది.

అలా పడుకున్నప్పుడు చేతి కింది బండను చూడండి. కొన్నిచోట్ల రాతి మీద వరస వరసలుగా మడతలుంటాయి, నీళ్లు తీసిన చెరువు అడుగున ఇసుకలో కనిపించే అలల గుర్తుల్లాగా. అవి నిజంగా అలల గుర్తులే. కడప ప్రాంతమంతా ఒకప్పుడు లోతు తక్కువ సముద్రం. అప్పటి ఇసుక పొరలు గట్టిపడి ఈ రాయి అయింది. భూగర్భ శాస్త్రవేత్తలు దీన్ని గండికోట క్వార్ట్‌జైట్ అనే పిలుస్తారు. అప్పటికి భూమ్మీద చెట్టు లేదు, చేప లేదు, పురుగు లేదు. డైనోసార్లు ఇంకా ఎన్నో కోట్ల ఏళ్లకు గానీ పుట్టవు. డైనోసార్ల పేర్లన్నీ కంఠతా వచ్చిన పిల్లవాడికి, ‘నీ అరచేయి పెట్టిన ఈ అల వాటికన్నా పాతది’ అని చెబితే వాడు మళ్లీ ఆ బండను వదలడు.

కింది నీళ్ల సంగతి కూడా దాచకుండా చెప్పాలి. ఇప్పుడు గండిలో కనిపించే నీరంతా పెన్నది కాదు. దిగువన మైలవరం డ్యాం ఉంది, దాని నీళ్లు వెనక్కి తన్ని గండిలోకి వస్తాయి. ఎగువన గాలేరు-నగరి పథకం కింద 26.85 టీఎంసీల గండికోట జలాశయం కట్టారు. శ్రీశైలం నుంచి కృష్ణ నీళ్లు కాలువలూ సొరంగాలూ దాటి అందులోకి చేరతాయి. కరువు చూసిన సీమకు ఆ నీళ్లు ఎంత అవసరమో చెప్పనక్కర్లేదు. ఆ నీళ్లకోసం తాళ్ల ప్రొద్దుటూరు వంటి ఊళ్లు మునిగిపోయాయి, తరతరాల ఇళ్లూ గుళ్లూ వదిలి జనం వేరేచోటికి పోయారు. రాజుల కోట గురించి పిల్లలకు చెప్పేటప్పుడు, నిన్నమొన్న ఊరు వదిలిన వాళ్ల గురించి కూడా చెప్పాలి. అదీ ఈ లోయ చరిత్రే.

2024లో కేంద్ర ప్రభుత్వం గండికోట అభివృద్ధికి దాదాపు 78 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. ఆ డబ్బు నడిచేవాళ్లకు పనికొచ్చేలా ఖర్చు కావాలని నా కోరిక. వాకిలి నుంచి గండి దాకా గుర్తులు పెట్టిన కాలిబాట, దారిలో నాలుగు చోట్ల నీడ, తాగునీళ్లు, ఆడవాళ్లకూ పిల్లలకూ శుభ్రమైన మరుగుదొడ్లు, ప్రతి కట్టడం ముందూ చదివించే తెలుగులో రాసిన పలకలు, అంచుకు ముందు కంటికి అడ్డురాని హెచ్చరిక గీత. ఇవి జరిగితే బడిపిల్లల్ని బస్సుల కొద్దీ తీసుకురావచ్చు. కొండ మీద పెద్ద పెద్ద కొత్త కట్టడాలు లేపితే మాత్రం చూడవచ్చిన దాన్నే కప్పేసుకుంటాం.

గండికోట నుంచి దిగాక ఏరు జమ్మలమడుగు, ప్రొద్దుటూరు వైపు విశాలంగా పరుచుకుని, కమలాపురం దిక్కున కుందూనూ పాపఘ్నినీ కలుపుకుంటుంది. కడపకు చేరువలో పుష్పగిరి. పెన్న, పాపఘ్ని, కుముద్వతి, వల్కల, మాండవి అనే అయిదు ఏర్ల పేరు చెప్పి దీన్ని పంచనదీ క్షేత్రమంటారు. ఊరు ఒక ఒడ్డున, కొండ గుళ్లు మరో ఒడ్డున. ఏరు ఎండి ఉంటే ఇసుకలో నడిచి ఆవలికి పోవచ్చు, పిల్లలకు అంతకన్నా సంబరం లేదు. ఏట్లో నీళ్లుంటే దాటే ప్రయత్నం చెయ్యకండి, రోడ్డు మీదుగా చుట్టి పోండి. పెన్న ఇసుక కింద గుంతలు పైకి కనబడవు.

కొండ మీద చెన్నకేశవుడూ శివుడూ ఒకే ఆవరణలో ఉంటారు. చెన్నకేశవాలయం గోడల మీద రామాయణ, భారత కథలు వరసగా చెక్కారు. అర్జునుడు తపస్సు చేయడం, కిరాతుడితో పోట్లాడటం కూడా ఉన్నాయి. కథ తెలిసిన పిల్లలకు గోడ చుట్టూ తిరిగి ఏ బొమ్మ ఏ ఘట్టమో పట్టుకోవడమే ఆట. కథ తెలియకపోతే చెప్పే పని అవ్వాతాతలది. కాబట్టి వాళ్లను కూడా వెంట తీసుకెళ్లండి. ఎక్కుడు కొద్దిపాటిదే. శంకర సంప్రదాయానికి చెందిన పుష్పగిరి పీఠం పేరు ఈ ఊరిదే.

మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు మాత్రం సిద్ధవటమే సుఖం. పెన్న ఒడ్డున చదును నేల మీద కట్టిన కోట, 36 ఎకరాలని లెక్క. మట్లి రాజుల కాలంలో రాతికోటగా రూపు కట్టింది. ఏటివైపు వాకిలి దగ్గర నిలబడితే గోడ కిందనే ఇసుక. 1808 నుంచి 1812 దాకా జిల్లా కేంద్రం ఇదే, ఆ తర్వాత కడపకు మారింది. గుళ్లూ దర్గా ఒకే గోడ లోపల, అన్నిటికీ మధ్య చింతచెట్ల నీడ. గంటన్నరలో నింపాదిగా చుట్టి రావచ్చు.

సిద్ధవటం దాటితే లంకమల కొండలు మొదలు. ఎర్రచందనం సహజంగా పెరిగేది ప్రపంచంలో ఈ దక్షిణపు తూర్పు కనుమల్లోనే. అక్కడి అభయారణ్యంలోకి అటవీ శాఖ అనుమతి లేకుండా పోకూడదు. కానీ కోటగోడ మీదినుంచి ఆ కొండల్ని చూపిస్తూ కలివికోడి కథ పిల్లలకు చెప్పొచ్చు. రాత్రిపూట ముళ్లపొదల మధ్య నేల మీద తిరిగే, పొడవు కాళ్ల చిన్న పిట్ట అది. 1848లో జెర్డన్ అనే ఇంగ్లీషు డాక్టరు లోకానికి తెలియజెప్పాడు. 1900 తర్వాత ఎవరికీ కనబడలేదు, అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో ఈ లంకమల పరిసరాల్లోనే మళ్లీ దొరికింది. దొరికేలా చేసింది, రాత్రుళ్లు అడవిలో తిరిగే అలవాటున్న ఒక స్థానిక వేటగాడు. ఆ పిట్ట కోసం తెలుగుగంగ కాలువ దారే మార్చాల్సి వచ్చింది. ఊరి మనిషికి తెలిసినది శాస్త్రానికి ఎంత అవసరమో చెప్పడానికి ఇంతకన్నా పెద్ద ఉదాహరణ నాకు దొరకలేదు.

ఇక ఎప్పుడు, ఎలా. అక్టోబరు నుంచి ఫిబ్రవరి మంచి కాలం. మార్చి దాటితే కడప ఎండ పిల్లలకు ప్రమాదం. గండికోటలో ఆరింటికల్లా వాకిలి దగ్గరుండి, పదింటికల్లా నడక ముగించుకోండి. మనిషికి రెండు లీటర్ల నీళ్లు, టోపీ, జారని అడుగున్న బూట్లు. హవాయి చెప్పులతో బండల మీద నడవొద్దు. నంద్యాల-ఎర్రగుంట్ల లైను వచ్చాక జమ్మలమడుగుకు రైలుంది, పాత లైనులో దిగాలంటే ముద్దనూరు. కోటకు దగ్గర్లో పర్యాటక శాఖ హరిత హోటలుంది, సెలవు రోజులైతే గది ముందే చెప్పుకోవాలి. నడక అయ్యాక ఎర్రకారం పూసిన దోశ జమ్మలమడుగులో ఎక్కడైనా దొరుకుతుంది, మధ్యాహ్నానికి రాగిసంగటి. పిల్లలకు కారం తగ్గించమని ముందే చెప్పండి. సిద్ధవటం నుంచి తిరిగేవాళ్లు దగ్గర్లోని ఒంటిమిట్ట కోదండరామాలయం చూసుకుని పోవచ్చు. కాలివేళ్ల ఉత్తరాల సంగతి రాసిన తావెర్నియే గండికోట దారిలో అక్కడా ఆగి, ఆ గుడిని మెచ్చుకున్నాడు.